జర్మన్‌కి నోరు తిరగాలంటే ముందు మన తెలుగు నోటి సంగతి తెలియాలి

నేను జర్మనీకి వచ్చిన కొత్తలో, పొద్దున డ్యూటీకి వెళ్తూ మా వీధి చివర బేకరీలో రెండు చిన్న రొట్టెలు కొనుక్కునేదాన్ని. గుండ్రంగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటాయి, ఇక్కడ చాలామందికి టిఫిన్ అంటే అవే. వాటి పేరు నాకు తెలుసు, స్పెల్లింగ్ తెలుసు, పరీక్షలు పాసయ్యే కదా వచ్చింది. కౌంటర్ ముందు నిలబడి "బ్రోట్చెన్" అన్నాను. ఆవిడ "బిటె?" అంది, ఏమన్నారు అని. ఇంకాస్త గట్టిగా "బ్రోట్చెన్" అన్నాను. మళ్లీ "బిటె?". వెనక క్యూలో నలుగురున్నారు. అద్దం మీద వేలు పెట్టి చూపించి, డబ్బులిచ్చి బయటపడ్డాను. అలా మూడు వారాలు వేలితోనే కొన్నాను.

తర్వాత ఒక సెలవు రోజు కూర్చుని ఆ ఒక్క మాటనే ముక్కలు చేసి చూశాను. అంత చిన్న మాటలో తెలుగులో లేని శబ్దాలు మూడున్నాయి. నాలుగోది మనకు ఉన్నట్టే ఉంటుంది కానీ నాలుక పెట్టే చోటు వేరు. గట్టిగా చెప్తే ఇవేవీ సరికావు. ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నదీ, ఆ తర్వాత నర్సింగ్ ఉద్యోగాలకీ చదువులకీ వస్తున్న మనవాళ్లకి చెప్తూ వచ్చినదీ ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ జర్మన్‌వే, నాకు దగ్గరగా తెలిసింది అదే. ఫ్రెంచి నేర్చుకునేవాళ్లకీ జపనీస్ నేర్చుకునేవాళ్లకీ కూడా పద్ధతి చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. చదవడానికి వీలుగా ఇక్కడ జర్మన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, అవి దగ్గరి గుర్తులు మాత్రమే. మీ నోట్‌బుక్‌లో మాత్రం దయచేసి అలా రాసుకోకండి. హైదరాబాద్‌లో మా బ్యాచ్‌లో దాదాపు అందరం ప్రతి మాట కిందా తెలుగులో రాసుకునేవాళ్లం, నేను కూడా. ఒకసారి తెలుగులో రాశారంటే ఆ మాట చూసిన ప్రతిసారీ కన్ను తెలుగునే చదువుతుంది, చెవి పని మానేస్తుంది. కావాలంటే అంతర్జాతీయ ఉచ్చారణ గుర్తులు ఒక పది, పన్నెండు నేర్చుకోండి, అన్నీ అక్కర్లేదు, మనకు లేని శబ్దాలవి చాలు. డూడెన్ ఆన్‌లైన్ నిఘంటువులో ఆ గుర్తులూ ఉంటాయి, చాలా మాటలకు పక్కనే నొక్కి వినడానికి ఆడియో కూడా ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే పొడుగు అచ్చు మీద ఒక గీత, ఒత్తి పలికే చోట కింద ఒక చుక్క, అంతే పెట్టుకోండి.

చెవితో మొదలుపెట్టండి

నోరు తిరగట్లేదు అని అందరం అంటాం గానీ చాలాసార్లు తిరగనిది నోరు కాదు, చెవికి ఆ తేడా అందట్లేదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది, మనకు బాగా అర్థమయ్యేది, ఎందుకంటే వాళ్లు తీసుకున్న శబ్దాల్లో హిందీ ట, త లు ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పట్టేశారు. అదే ఏడాదికి దగ్గరపడ్డ పిల్లల్లో ఆ శక్తి దాదాపు పోయింది. ఇంట్లో ఎవరూ వాడని తేడాను చెవి అంత త్వరగా వదిలేస్తుంది. మనకు ట, త ఎంత స్పష్టమో జర్మన్లకు వాళ్ల చుక్కల 'ఊ' (అక్షరం మీద రెండు చుక్కలు పెట్టి రాసేది), మామూలు 'ఊ' అంత స్పష్టం. మనకు రెండూ ఒకటే అనిపిస్తే అది మన తెలివితక్కువతనం కాదు, ఏడాది పిల్లలప్పుడే మూసుకున్న తలుపు అది.

కానీ మళ్లీ తెరవచ్చు. జపనీస్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లీషు 'ర', 'ల' ఒకటిగా వినిపిస్తాయి కదా, 1991లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు వాళ్లకు కొన్ని వారాలు వినే శిక్షణ ఇచ్చి చూశారు, ఒకే గొంతుతో కాకుండా వేరువేరు మనుషుల గొంతులతో, వేరువేరు మాటల్లో. తేడా వినడం మెరుగుపడింది. తర్వాత అదే దారిలో జరిగిన పరిశోధనలో, పలకడం నేర్పకపోయినా కేవలం వినే సాధన చేసినవాళ్ల పలుకు కూడా బాగుపడిందని తేలింది. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపించింది. మనం మాత్రం మొదటి రోజే "నా వెనక చెప్పండి" అని మొదలుపెడతాం.

చేయాల్సింది ఇది. ఒక్క శబ్దంలో మాత్రమే తేడా ఉన్న రెండు మాటలు తీసుకోండి. 'షోన్' అంటే 'అప్పటికే', అదే 'ఓ' మీద రెండు చుక్కలు పెడితే 'అందమైన'. 'ముటర్' అంటే అమ్మ, 'ఉ' మీద చుక్కలు పెడితే అమ్మలు. 'కిర్షె' అంటే చెర్రీ పండు, మధ్యలో శబ్దం కాస్త మారితే చర్చి. ఫోర్వో అనే సైటులో ఒకే మాటను చాలామంది పలికిన రికార్డింగులు దొరుకుతాయి, ఒక్కో మాటకు మూడు, నాలుగు గొంతులు వినండి. తర్వాత ఫోన్ స్నేహితురాలి చేతికిచ్చి, తనకు తోచినట్టు రెండింట్లో ఏదో ఒకటి వినిపించమనండి, చూడకుండా మొదటిదో రెండోదో చెప్పండి. 20 సార్లలో 17, 18 సార్లు సరిగ్గా వచ్చేదాకా ఆ శబ్దం పలకడం గురించి టెన్షన్ పడకండి. నాకు చుక్కల 'ఊ' చెవికి అందడానికి తొమ్మిది రోజులు పట్టింది, రోజుకు పది నిమిషాలే.

మన నోట్లో ముందే ఉన్నవి

ఇది చెప్పేవాళ్లు తక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తాను. తెలుగు నోటికి జర్మన్‌లో చాలా పని ముందే అయిపోయి ఉంటుంది.

మొదటిది హ్రస్వం, దీర్ఘం. పల, పాల, కల, కాల. ఈ తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చింది. జర్మన్ కూడా దీని మీదే నడుస్తుంది. 'ష్టట్' అంటే ఊరు, 'ష్టాట్' అంటే రాజ్యం. 'మిటె' మధ్య, 'మీటె' ఇంటద్దె. ఈ తేడా కోసం చాలా కష్టపడే విదేశీయులు ఉన్నారు, మనం మాత్రం ఏది పొట్టి, ఏది పొడుగు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండోది నాకు ఇష్టమైనది. ఇంగ్లీషు అక్షరమాలలోని చివరి అక్షరం జర్మన్‌లో 'ట్స్'లా పలుకుతుంది. క్లాసులో అందరూ టీ ఎస్ కలిపి అనండి అని చెప్తారు, మనవాళ్లు అవస్థ పడుతుంటారు. అసలు మీ అమ్మమ్మ 'చాప', 'చుక్క', 'చాలు' అన్నప్పుడు వినండి. ఆ చ 'చీమ'లో చ కాదు, నాలుక పళ్ల వెనక తగిలి వచ్చే చ, ౘ. పాత నిఘంటువుల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి దాన్ని వేరు చేసేవాళ్లు. జర్మన్ శబ్దం అచ్చం అదే. 'ౘూ', 'ౘాన్' (పన్ను), 'ౘూక్' (రైలు) ఇట్టే వచ్చేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే తెలుగులో ఇ, ఎ ల ముందు మనకు ఆ చ రాదు, చీమ, చేప అనే అంటాం, అందుకని పదికి 'చేన్' అనేస్తాం. 'చాలు' అనబోయి ౘ దగ్గర ఆగండి, గాలి 'స్‌స్' అని వెళ్తూ ఉండగా అక్కణ్ణుంచి 'ఏన్'కి జారండి. ౘ్... ఏన్. ముప్పై సార్లు అంటే కుదిరిపోతుంది. హాస్పిటల్‌లో వార్డుని 'ష్టౘియోన్' అంటారు, రోజుకు వందసార్లు వాడే మాట, అందులోనూ ఇదే ఉంది.

అలాగే 'గాజులు', 'రోజు' అనేటప్పుడు చాలామందికి మధ్యలో జ మెత్తగా, తేనెటీగ ఝుమ్మన్నట్టు వస్తుంది. జర్మన్‌లో అచ్చు ముందు 'ఎస్' అక్షరం ఉంటే ఆ శబ్దమే: 'మీరు' అనే మాట 'జీ', కానీ 'జీడిపప్పు'లో జీ కాదు, గాజులో జకి 'ఈ' తగిలించినట్టు. వీధిని 'ష్ట్రాసె' అంటారు, 'రాష్ట్రం' అనే నోటికి అది ఒక లెక్కా. ఇక 'ఆ', 'ఓ', 'ఊ' ల తర్వాత గొంతులో గీరినట్టు వచ్చే ఖ ఒకటుంది, హైదరాబాద్‌లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్లకి అది 'ఖబర్', 'ఆఖిర్'లో ఉన్నదే. ఇది తేలిగ్గా తీసుకోకండి, శుభరాత్రి చెప్పేటప్పుడు 'నఖ్ట్' అనాలి, మామూలు క పెట్టి 'నక్ట్' అంటే బట్టల్లేకుండా అని అర్థం. నైట్ డ్యూటీలో ప్రతి గదిలో చెప్పే మాట అది.

అడ్డుపడే మన అలవాట్లు

అలవాట్లు అంటున్నాను, తప్పులు అనట్లేదు. తెలుగులో అవి అందం, జర్మన్‌లో అడ్డం, అంతే తేడా.

తెలుగు అజంత భాష. ఏ మాట వచ్చినా చివర ఒక అచ్చు తగిలించి ఇంట్లో కూర్చోబెట్టుకుంటాం: బస్సు, కారు, లైటు. జర్మన్‌లో మాటలు హల్లు దగ్గర టక్కున ఆగుతాయి. పైగా చివర గ ఉంటే క, డ ఉంటే ట, బ ఉంటే ప అయిపోతుంది. రోజుని 'టాక్' అంటారు, స్పెల్లింగులో చివర గ ఉన్నా సరే. మనం 'టాగు' అంటే రెండు పొరపాట్లూ ఒకేసారి జరిగాయన్నమాట. రెండు వేళ్లు గొంతు మీద పెట్టుకుని 'టాక్' అనండి, చివర్లో వేళ్ల కింద అదురు ఉండకూడదు. ఉంటే ఇంకా 'ఉ' దాక్కుని ఉందని అర్థం.

రెండో అలవాటు ద్విత్వం. అక్క, అమ్మ, చెట్టు అని నొక్కి పలికే నోరు మనది, అందుకే స్పెల్లింగులో రెండు అక్షరాలు కనిపిస్తే చాలు నొక్కేస్తాం. ఇంగ్లీషులో 'హ్యాప్పీ', 'సమ్మర్' అనేది అందుకే. జర్మన్‌లో రెండు 'టీ'లు ఉన్నాయంటే ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడానికే, ట ని నొక్కమని కాదు. 'బిట్టె' కాదు, 'బిటె'. 'ముట్టర్' కాదు. ఇది సరిచేసుకుంటే పలుకులో ఎంత తేడా వస్తుందో, పనికి తగ్గ ఫలితం దీనిలో ఉన్నంత ఇంకెందులోనూ చూడలేదు నేను.

మూడోది సంధి. బళ్లో ఉత్వ సంధి, యడాగమం చదివాం కదా, అవి మనకు వ్యాకరణం కాదు, ఊపిరి. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే కలిపేస్తాం, లేదా మధ్యలో ఒక య పెడతాం, మా అమ్మ మాయమ్మ అయినట్టు. జర్మన్లు అచ్చుతో మొదలయ్యే మాట ముందు గొంతును ఒక్క క్షణం మూసి తెరుస్తారు. 'ఐన్ | అప్‌ఫెల్', ఒక యాపిల్ పండు. మనం 'ఐనప్‌ఫెల్' అంటాం, వాళ్లకు 'నప్‌ఫెల్' అని ఏదో కొత్త వస్తువు వినిపిస్తుంది. 'ముగించడం' అనే మాట 'బె | ఎండెన్', మన నోట్లో 'బెయెండెన్' అవుతుంది. ఒకటి రెండు పేరాలు తీసుకుని, అచ్చుతో మొదలయ్యే ప్రతి మాట ముందూ పెన్సిల్‌తో నిలువు గీత కొట్టి, గీత దగ్గర ఆగి చదవండి. రెండు వారాలు చాలు.

ఇక గాలి. మాట మొదట్లో ప, ట, క వస్తే జర్మన్లు గాలి ఒదిలి పలుకుతారు, దాదాపు మన వత్తు అక్షరాల్లా. మన లిపిలో వత్తులన్నీ ఉన్నాయి గానీ మాటల్లో చాలామందికి భోజనం బోజనమే. గాలి లేకపోతే వాళ్లకు ప, బ లా వినిపిస్తుంది: సామాను సర్దుకోవడం 'పకెన్', రొట్టె కాల్చడం 'బకెన్'. సన్నటి కాగితం ముక్క పెదాలకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని అనండి. 'పకెన్'కి కాగితం ఎగరాలి, 'బకెన్'కి కదలకూడదు. మన 'పప్పు' అని చూడండి, అది కూడా కదలదు, అప్పుడు తెలుస్తుంది మనం ఎక్కడున్నామో.

ఆఖరిది ఒత్తిడి, అంటే మాటలో ఏ భాగాన్ని బలంగా పలకాలన్నది. తెలుగులో అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతూ పోతాం. జర్మన్‌లో 'ఉమ్‌ఫారెన్' అనే మాటలో 'ఉమ్'ని ఒత్తితే బండితో గుద్ది పడేయడం, 'ఫా'ని ఒత్తితే పక్కనుంచి చుట్టి వెళ్లడం. ఇంకో చిక్కు, ఇంగ్లీషులా కనిపించే మాటలు. 'ష్టుడెంట్', 'ప్రోబ్లేమ్', 'మెడికమెంట్', వీటిలో బలం చివరి భాగం మీద పడుతుంది, మనం ఇంగ్లీషు అలవాటుతో ముందే ఒత్తేస్తాం. కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా బల్ల మీద చేత్తో తడుతూ నేర్చుకోండి, బలమైన చోట గట్టిగా, మిగతా చోట్ల వేలితో.

ఆ బేకరీ మాట, ముక్కముక్కగా

ఇప్పుడు నా రొట్టెల దగ్గరికి వస్తాను. ఏ మాటనైనా ఎలా విప్పాలో దీంతో చూపిస్తే తేలిక.

మధ్యలో ఉన్న అచ్చు, చుక్కల 'ఓ'. అద్దం ముందు నిలబడండి. 'ఏ' అని పొడుగ్గా అనండి. నాలుక ముందుకొచ్చి ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచండి, అస్సలు కదపొద్దు. గొంతు ఆపకుండా పెదాలు మాత్రం మెల్లగా 'ఓ'కి గుండ్రంగా చుట్టండి. ఇప్పుడు వస్తున్నదే ఆ శబ్దం. మొదట్లో నాలుక కూడా పెదాలతో పాటు వెనక్కి పారిపోతుంది, అప్పుడు మామూలు 'ఓ' వస్తుంది. నేను చూపుడు వేలి కొసను కింది పళ్ల వెనక పెట్టి నాలుకను తాకి ఉంచేదాన్ని, కదిలితే వెంటనే తెలిసేది. చుక్కల 'ఊ' కూడా ఇంతే, నాలుక 'ఈ' దగ్గర, పెదాలు 'ఊ' దగ్గర.

తర్వాత ట. మన ట కి నాలుక కొస వెనక్కి వంగుతుంది, త కి పళ్లకు తగులుతుంది. జర్మన్ ట ఈ రెండింటికీ మధ్య, పై పళ్ల వెనక చిగురు మీద. అక్కడ పెట్టి ఆపండి, పేల్చొద్దు, ఎందుకంటే వెంటనే తర్వాతి శబ్దం వచ్చేస్తుంది.

ఆ తర్వాతి శబ్దమే మనవాళ్లు చ అనీ, ష అనీ, క అనీ రకరకాలుగా అనేది. 'నేను' అనే మాట చివర వచ్చేది కూడా ఇదే, అందుకే నోరు తెరిచిన ప్రతిసారీ దీంతో పని. ఎలాగంటే, 'ఈ' అనండి. అదే నోరు, అదే నాలుక, గొంతు మాత్రం ఆపేసి గాలి ఊదండి, గుసగుసగా, కాస్త బలంగా. పెదాలు నవ్వుతున్నట్టు పక్కలకు ఉండాలి, ష కి లాగా ముందుకు రాకూడదు. గాలి నాలుక నడిమి భాగానికీ అంగిటికీ మధ్య చల్లగా తగులుతుంది. గాలిని లోపలికి పీల్చి చూడండి, చల్లదనం ఎక్కడ తగిలిందో అదే చోటు.

చివరి 'ఎన్' ని మనం పూర్తిగా పలుకుతాం, వాళ్లు మింగేస్తారు. దాదాపు 'న్' ఒక్కటే మిగులుతుంది. ఇక మొదట్లో ఉన్న ర, గొంతులో పలికేది, దాన్ని నేను వదిలేశాను, ఎందుకో కింద చెప్తాను.

ముక్కలన్నీ విడిగా వచ్చాక వెనక నుంచి కట్టాను. ముందు చివరి గుసగుస, న్. తర్వాత దానికి ముందు ట. తర్వాత చుక్కల ఓ. ఆఖరున బ్ర. రెండు వందలసార్లు అని ఉంటాను ఆ వారంలో, బస్‌స్టాప్‌లో, వంటింట్లో. తర్వాతి సోమవారం బేకరీలో చెప్తే ఆవిడ ఏమీ అడగలేదు, సంచిలో రెండు వేసి "ఇంకేమైనా?" అంది.

ఈ వెనక నుంచి కట్టే పద్ధతి పొడుగు మాటలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆరోగ్య బీమా కార్డుని 'క్రాంకెన్-ఫెర్‌జిహెరుంగ్స్-కార్టె' అంటారు. ముందు నుంచి మొదలుపెడితే మధ్యలో ఊపిరి అయిపోయి, చివరికి మాట నేలబారుగా పడిపోతుంది. 'కార్టె', 'రుంగ్స్-కార్టె', 'ఫెర్‌జిహెరుంగ్స్-కార్టె' అని వెనక నుంచి కలుపుకుంటూ వస్తే ఎప్పుడూ తెలిసిన భాగం వైపే వెళ్తుంటాం, కాబట్టి చివర తడబడం.

రోజూ ఒక పావుగంట

గంటలు గంటలు అక్కర్లేదు. పది, పదిహేను సెకన్ల ఆడియో ముక్క ఒకటి చాలు, వారమంతా అదే. డాయిచె వెల్లె వాళ్లు జర్మన్ నేర్చుకునేవాళ్ల కోసం వార్తల్ని నెమ్మదిగా చదివి పెడతారు, ఉచితం, పాఠం కూడా పక్కనే ఉంటుంది. శబ్దాలకు అది చాలా మంచిది. లయ కోసం మాత్రం మామూలు వేగంతో మాట్లాడే ఇంటర్వ్యూలు వినండి, నెమ్మదిగా చదివేటప్పుడు మాటలు అతుక్కోవు, మింగడాలు వినిపించవు.

మొదటి రోజు ఊరికే వినండి, పదిసార్లు. రెండో రోజు పాఠం మీద ఒత్తిడి చుక్కలు, ఆగే గీతలు పెట్టండి. మూడో రోజు నుంచి ఆడియోకి ఒక అరసెకను వెనకే, దాని మీద మీ గొంతు పడేలా నీడలా చెప్తూ వెళ్లండి, షాడోయింగ్ అంటారు దీన్ని. అర్థం గురించి ఆలోచించొద్దు, వాళ్ల గొంతు ఎక్కడ పైకి లేచి ఎక్కడ దిగుతోందో దాన్నే పట్టుకోండి. నాలుగో రోజు వాట్సాప్‌లో మీకు మీరే వాయిస్ మెసేజ్ పంపుకోండి. తర్వాత అసలు ఆడియో ఒక వాక్యం, మీది ఒక వాక్యం, మార్చి మార్చి వినండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మన గొంతు రికార్డింగులో వినడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే మామూలుగా మన గొంతు మనకు ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, రికార్డింగులో అది ఉండదు. వారం ఓర్చుకుంటే అలవాటైపోతుంది. ఒకసారికి ఒక్క విషయమే వెతకండి. ఈ రోజు చివరి 'ఉ' మాత్రమే, రేపు ద్విత్వం మాత్రమే. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరక్క నిరాశే మిగులుతుంది.

ఫోన్ కీబోర్డులో భాష జర్మన్‌కి మార్చి మైకు నొక్కి మాట్లాడి చూడటం కూడా పనికొస్తుంది, కాకపోతే విడి మాటలతో చేయండి. పూర్తి వాక్యం చెప్తే ముందూ వెనకా చూసి అదే సరిదిద్దేస్తుంది, మీరు బాగా పలికారనుకుంటారు.

క్లాసులో ముప్పైమంది ఉన్నప్పుడు టీచరు ప్రతివాళ్ల పలుకూ సరిచేయలేరు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మీరే వెళ్లి "ఈ వారం నా చుక్కల ఓ ఒక్కటి వినండి మేడమ్, తప్పయినప్పుడు చెయ్యి ఎత్తండి చాలు" అని అడగండి. అంత చిన్నగా అడిగితే ఎవరూ కాదనరు. గోయెథె సంస్థ పెట్టే జర్మన్ పరీక్ష రాసేవాళ్లకి ఇంకో మాట, బి1 స్థాయిలో మాట్లాడే భాగానికి 100 మార్కులు, 60 వస్తే పాసు, అందులో ఉచ్చారణకు విడిగా మార్కులుంటాయి.

దేనికి ప్రాణం పెట్టాలి, దేన్ని వదిలేయాలి

యాస ఉండటం వేరు, అర్థం కాకపోవడం వేరు. 1995లో మన్రో, డెర్వింగ్ అనే ఇద్దరు కెనడా పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు, యాస బలంగా ఉందని వినేవాళ్లు అన్న మాటలు కూడా చాలావరకు పూర్తిగా అర్థమయ్యాయి. కాబట్టి జర్మన్‌లా వినిపించాలని కాదు, రెండోసారి అడిగించుకోకుండా ఉండాలని పెట్టుకోండి గురి.

అందుకే ఆ గొంతు ర ని వదిలేయమంటాను. బవేరియాలో, ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో చాలామంది మనలాగే నాలుక కొసతో ర అంటారు, ఎవరికీ ఇబ్బంది లేదు. నెలల తరబడి నీళ్లు పుక్కిలించినట్టు సాధన చేసేవాళ్లను చూశాను, ఆ సమయం అచ్చుల పొడుగు మీద, ఒత్తిడి మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. మాట చివరి ర మాత్రం నేర్చుకోండి, అది ర కాదు, చిన్న 'అ'. నాన్న 'ఫాట-అ', అమ్మ 'ముట-అ'.

ప్రాణం పెట్టాల్సింది అంకెల మీద. పదిహేను, యాభై రెండూ ఒకేలా మొదలవుతాయి, మొదటి భాగంలోనే బలం ఉంటుంది, తేడా అంతా తోకలో: ఒకటి పొడుగు 'ౘేన్', ఒకటి పొట్టి 'ౘిహ్'. ఫోన్‌లో గది నంబరు చెప్తే నేను యాభైని పదిహేను అనుకుని వేరే గదికి వెళ్లాను ఒకసారి, మందుల దగ్గర అయితే ఏమయ్యేదో. జర్మన్లకే రెండు, మూడు ('ౘ్వై', 'డ్రై') ఫోన్‌లో కలిసిపోతాయని రెండుని 'ౘ్వో' అంటారు, మీరూ అదే వాడండి. అంకె చెప్పాక విడివిడిగా మళ్లీ చెప్పడం అలవాటు చేసుకోండి, "యాభై, అంటే ఐదు, సున్నా" అని.

ఇంకొకటి మీ పేరు. ఆఫీసుల్లో, డాక్టర్ దగ్గర, ఫోన్‌లో మన పేర్లు అక్షరం అక్షరం చెప్పమంటారు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల పేర్లు చెప్తే వేరే పేరు తయారవుతుంది. ఇంగ్లీషు మొదటి అక్షరం 'ఏ' జర్మన్‌లో 'ఆ', ఇంగ్లీషు 'ఈ' అక్కడ 'ఏ', ఇంగ్లీషు 'ఐ' అక్కడ 'ఈ'. 'వి' ని 'ఫౌ' అంటారు, 'డబ్ల్యు' ని 'వే', 'జె' ని 'యోట్', 'వై' ని 'ఇప్సిలోన్'. అంటే వెంకట అని చెప్పాలంటే ఫౌ, ఏ, ఎన్, కా, ఆ, టే, ఆ. ఇంగ్లీషులో చెప్తే వాళ్లు రాసుకునేది 'వింకెటె', ఒక్కసారి కార్డు మీద అలా పడిందంటే మార్పించుకోవడానికి నెలలు. అక్షరానికి ఒక మాట చెప్పే పద్ధతి కూడా ఉంది, పాతవాళ్లు ఆంటోన్, బెర్టా, ఎమిల్ అని మనుషుల పేర్లు చెప్తారు, 2022లో వచ్చిన కొత్త జాబితాలో ఆఖెన్, బెర్లిన్, ఎస్సెన్ అని ఊళ్ల పేర్లున్నాయి, ఏది చెప్పినా అర్థమవుతుంది. ఈ రాత్రే మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు జర్మన్ అక్షరాల్లో చెప్పి రికార్డు చేసి, జర్మన్ వచ్చిన ఎవరికైనా పంపి వినిపించినట్టే రాయమనండి. వాళ్లు రాసిన కాగితం మీ పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసుకోండి.